మైకు ఎక్కడ పెట్టారో ముందు చెప్పు

తమ్ముడికి ఆశీస్సులు.

టైర్ల చప్పుడును ఎలా కొలుస్తారన్న విషయం మీద నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది. అయితే రెండో పేజీలో కారు టైరు చప్పుడు 72 డెసిబెల్స్ అని రాసి, నాలుగో పేజీకి వచ్చేసరికి దాన్నే 98 అన్నావు. ఏది నిజమని పాఠకుడు అడిగితే నీ వ్యాసంలో జవాబు లేదు. రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే వాటిని కొలిచిన మైక్రోఫోన్లు ఒకచోట లేవు.

మొదటిది ఐక్యరాజ్యసమితి 117వ నిబంధన ప్రకారం జరిగే పరీక్ష. కారు వెళ్లే దారి మధ్యగీతకు 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తున, అటొకటి ఇటొకటి మైకులు నిలబెడతారు. డ్రైవరు గంటకు 80 కిలోమీటర్ల వేగానికి అటూఇటుగా వస్తూ, ఇంజను ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆ రెండింటి నడుమ నుంచి కారును ఊరికే దొర్లనిస్తాడు. ఇక మిగిలేది దాదాపుగా టైరూ రోడ్డూ కలిసి చేసే చప్పుడే. రెండో పద్ధతిలో కారు వెనుక లాగే ట్రెయిలరు ఉంటుంది. అందులో మైకు టైరు పక్కగోడకు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు దూరంలో, నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత దగ్గరగా విన్నప్పుడు అంకె పెరగక ఏమవుతుంది?

అంతకన్నా ముఖ్యమైన తేడాను నువ్వు గమనించలేదు. మొదటి పరీక్షలో రోడ్డు ఎప్పుడూ ఒకే రకం, మారేది టైరు. రెండో దానిలో టైరు ప్రామాణికం, మారేది రోడ్డు. ఒకటి టైరుకు మార్కులు వేస్తే మరొకటి రోడ్డుకు వేస్తుంది. నీ వ్యాసం ఇక్కడి నుంచే మొదలు కావాలి.

ఆ 72ను కూడా ఉన్నదున్నట్టు నమ్మవద్దు. పరీక్ష జరిగే తారురోడ్డులో 8 మిల్లీమీటర్లకు మించిన కంకర వాడరు. మీ ఊరి దారిలో కంకర తేలిన చోట అదే టైరు ఇంకోలా మోగుతుంది. గాలి వేడి 40 డిగ్రీలు, రోడ్డు వేడి 50 డిగ్రీలు దాటితే పరీక్షే చేయరు. మన మే నెల మధ్యాహ్నపు తారు ఆ గీతను సునాయాసంగా దాటుతుంది. వేడెక్కిన రబ్బరు మెత్తబడి చప్పుడు కాస్త తగ్గుతుంది కనుక కారు టైర్ల ఫలితాన్ని రోడ్డు 20 డిగ్రీల వేడిలో ఉన్నట్టుగా సవరిస్తారు.

డెసిబెల్స్‌ను కూడే చోట నేనూ ఒకప్పుడు బోర్లాపడ్డాను. ఒక్కోటి 70 డెసిబెల్స్ చేసే రెండు కార్లు పక్కపక్కన వెళితే 140 అని ఒక మాసపత్రికలో రాశాను. విశ్రాంత లెక్కల మాస్టారొకరు కార్డు రాశారు: "అయ్యా, శబ్దశక్తి రెట్టింపైతే పెరిగేవి మూడు డెసిబెల్సే, కనుక సరైన జవాబు 73. మీ లెక్క ప్రకారం నాలుగు కార్లు వెళితే ఊళ్లో ఎవరైనా మిగులుతారా?" ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మూడో పేజీని మాత్రం కదిలించవద్దు. టైరు మీది గాడుల్లో చిక్కిన గాలి నలిగి, కొలిమితిత్తిలోంచి వచ్చినట్టు బయటికి తన్నుకు రావడం, టైరు వంపుకూ రోడ్డుకూ మధ్య విచ్చుకునే సందు బూరమూతిలా పనిచేసి ఆ చప్పుడును పెంచడం కళ్లకు కట్టాయి. ఆ శబ్దశక్తిలో ఎక్కువ పాలు 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల, మన చెవి బాగా పట్టుకునే మేరలోనే ఉంటుందన్న మాట అక్కడే చేర్చు.

ఇంత చక్కగా వర్ణించగలిగిన వాడివి "భీకర గర్జన" అనడం దేనికి? ఆ రెండు మాటలూ కొట్టేసి, 98 పక్కన వేగమెంతో, ఏ రకం రోడ్డో రాసి మళ్లీ పంపు.