నానో పౌడర్ చెరువులో పోయొచ్చా?

ప్రశ్న: సార్, మాది రాయగడ జిల్లా గునుపూర్ పక్కన పల్లె. అరెకరం చెరువులో బొచ్చె, రోహు, బంగారు తీగ వేశాం. వానొస్తే పైన పత్తి చేల నీళ్ళు ఎరువుతో మందుతో కలిసి చెరువులోకే దిగుతాయి. షాపులో ఏదో నానో పౌడర్ ఇచ్చి నీళ్ళల్లో విషాన్ని పీల్చేస్తుందన్నారు, సగం డబ్బా పోసేశాం. చేపలకి ఏం కాదు కదా?

జవాబు: ముందు ఆ మిగిలిన సగం పోయకండి. పీల్చుకుంటుందన్న మాట అబద్ధం కాదండీ, నానో కణమంటే 1 నుంచి 100 నానోమీటర్లు, వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు, అలాంటివి కోట్లల్లో ఉంటాయి కాబట్టి కాడ్మియం లాంటి విష లోహాలు పోయి వాటికి అతుక్కుంటాయి (ఫాస్ఫేట్ ఎరువుల్లో కూడా కాస్త కాడ్మియం ఉంటుంది). కానీ అతుక్కున్న విషం ఎక్కడికి పోయింది? నీళ్ళల్లోనే ఉంది కదా, ఆ కణాన్ని చేప మింగిందంటే దాంతోపాటే కడుపులోకి దిగుతుంది.

2007లో చైనాలో సరిగ్గా మీ బంగారు తీగ మీదే చూశారు. పెయింట్లలో, సన్‌స్క్రీన్‌లలో వాడే టైటానియం డయాక్సైడ్ నానో కణాలు కాడ్మియంతో కలిపిన నీళ్ళల్లో 25 రోజులు ఉన్న చేపల్లో, ఉత్త కాడ్మియం నీళ్ళల్లో ఉన్నవాటికంటే 146 శాతం ఎక్కువ కాడ్మియం చేరింది, అంటే దాదాపు రెండున్నర రెట్లు! కడుపు లోపలి అవయవాల్లో, మొప్పల్లో బాగా పట్టింది. పైగా ఈ కణాలు ముద్దలుగా కట్టి అడుక్కి దిగుతాయి, బంగారు తీగేమో అడుగు బురద కెలుక్కునే తింటుంది, నా భయమంతా అదే.

ప్రతిసారీ ఇలాగే అవుతుందని కాదు. ఫుల్లరీన్ అనే కార్బన్ నానో కణాలతో 2008లో చేపల మీద కాదు, నీటి నాచు మీద, డాఫ్నియా అనే చిన్న నీటి పురుగుల మీద చూస్తే, తారు, పొగల్లో ఉండే ఫినాంత్రీన్ విషం పెరిగింది, పురుగుమందుగా వాడిన పెంటాక్లోరోఫెనాల్ విషం మాత్రం దాదాపు సగానికి తగ్గింది. కణం అదే, విషం మారితే ఫలితం తిరగబడింది. మీ డబ్బాలో ఏ కణం ఉందో, చెరువులో ఏ మందు ఉందో తెలీకుండా పోయడం మాత్రం చాలా తప్పు.

చేల వైపు గట్టు ఎత్తు చేయండి, కుదిరితే ఆ పక్క నాలుగడుగులు గడ్డి పెరగనివ్వండి, వాన మబ్బు పట్టినప్పుడు మందు కొట్టొద్దని పైవాళ్ళకీ చెప్పండి. మత్స్య శాఖ వాళ్ళని అడిగి నీళ్ళూ చేపా టెస్ట్ చేయించండి, అది తేలేదాకా బంగారు తీగ పట్టి అమ్మొద్దు, ఇంట్లో పిల్లలకీ పెట్టొద్దు. మిగిలిన డబ్బా కాలవలో మాత్రం పారబోయకండి, అది వంశధారలో కలుస్తుంది, షాపుకే తిరిగిచ్చి లోపల ఏముందో రాసిమ్మని అడగండి.