పాలిష్ వేసిన రోజు అద్దం, రెండు వాష్‌లకి మళ్ళీ గీతలు

ప్రశ్న: సార్, మాది నల్ల రంగు సెకండ్ హ్యాండ్ సెడాన్. ఆన్‌లైన్‌లో డీఏ పాలిషర్ (ప్యాడ్‌ని గుండ్రంగా తిప్పుతూ ఊపే పాలిష్ మిషన్) తెప్పించుకుని ఇంట్లోనే ముందు కంపౌండ్ (గరుకు పాలిష్), తర్వాత ఫినిషింగ్ పాలిష్ (నున్నటిది) కొట్టా. ఆ రోజు అద్దంలా ఉంది, రెండు వాష్‌లు అయ్యేసరికి గుండ్రటి గీతలన్నీ మళ్ళీ వచ్చేశాయి. మళ్ళీ మొదట్నుంచి పాలిష్ చేసి సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడి కాపాడే పొర) వేద్దామని ఉంది. మా ఫ్రెండేమో ప్రతి స్టెప్ తర్వాత ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవాల్సిందే అంటాడు, మా వీధి చివర పెయింటరేమో థిన్నర్‌తో ఒక్కసారి తుడిస్తే చాలంటాడు. ఎవరి మాట వినమంటారు? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గీతలు మళ్ళీ రాలేదండీ, అసలు పోనేలేదు. పాలిష్ అంటే అరగదీసే పొడి ఒక్కటే కాదు. ఆ పొడి ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్, అది ప్యాడ్ కింద ఎండిపోకుండా జారడానికి నూనెలు కలుపుతారు, కొన్నింట్లో సన్న గీతల్ని పూడ్చే ఫిల్లర్లు కూడా ఉంటాయి. మీరు పైపైన క్లాత్‌తో తుడిచి వదిలేస్తే ఆ నూనె గీతల్లోనే కూర్చుంటుంది, వెలుతురు గీత అంచు దగ్గర విరగదు కాబట్టి పెయింట్ నున్నగా కనిపిస్తుంది. రెండు సార్లు షాంపూ పడగానే నూనె పోయింది, గీత బయటపడింది, అంతే. షాపుల్లో డెలివరీ రోజున బండి అంత మెరవడానికి ఒక్కోసారి కారణం కూడా ఇదే, కాకపోతే ఆ మాట ఎవరూ చెప్పరు.

మీ ఫ్రెండ్ చెప్పింది సగం కరెక్ట్. కంపౌండ్‌కీ పాలిష్‌కీ మధ్య బండంతా ఐపీఏతో తుడవక్కర్లేదు, ఎలాగూ మళ్ళీ నూనె పడేదే కదా. అక్కడ అసలు భయం గరుకు పొడిది. కంపౌండ్ పొడి బానెట్ సందుల్లోనో డోర్ హ్యాండిల్ కిందో ఉండిపోయి ఫినిషింగ్ ప్యాడ్‌కి అంటుకుంటే ఒక పక్క మీరు నునుపు చేస్తుంటే ఇంకో పక్క అది గీస్తుంటుంది. అందుకని శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి, సందుల్లో పొడి ఊదేసి, ప్యాడ్ మాత్రం కచ్చితంగా మార్చండి. కంపౌండ్ కొట్టిన ప్యాడ్‌నే బ్రష్‌తో దులిపి ఫినిషింగ్‌కి వాడేవాళ్ళున్నారు, మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

ఐపీఏ అసలు అవసరం రెండు చోట్ల. ఒకటి, మొదలుపెట్టినప్పుడు బానెట్ మీద అడుగున్నర చదరంలో టెస్ట్ ప్యాచ్ చేస్తారు చూడండి, అక్కడ. కంపౌండ్ కొట్టాక ఆ ముక్క ఐపీఏతో తుడిచి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుని చూడండి, గీతలు నిజంగా పోయాయో నూనె కింద దాక్కున్నాయో అక్కడే తేలిపోతుంది. పోకపోతే ప్యాడ్ మార్చాలా, మిషన్ ఇంకో రెండు సార్లు తిప్పాలా అన్నది ఆ ముక్క మీదే తేల్చుకోండి, బండంతా అయ్యాక కాదు. రెండోది, కోటింగ్‌కి ముందు. సిరామిక్ కోటింగ్ నేరుగా క్లియర్ కోట్‌ని (రంగు మీదుండే పారదర్శక పొర) పట్టుకోవాలి, మధ్యలో నూనె పొర ఉంటే అది నూనెని పట్టుకుంటుంది, ఇక ఏళ్ళు నిలవాల్సింది నెలల్లో పోతుంది. మామూలు వ్యాక్స్ వేసేవాళ్ళకి ఇంత పట్టింపు అక్కర్లేదు, కొద్దిగా నూనె మిగిలినా కొంపేం మునగదు.

ఎలా కలపాలంటే, 99 శాతం ఐపీఏ అయితే 200 మి.లీ.కి 800 మి.లీ. నీళ్ళు, మెడికల్ షాపులో దొరికే 70 శాతం సీసా అయితే 300కి 700. నీళ్ళు బోరువి వద్దు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి, లేకపోతే ఆరాక ఉప్పు మచ్చలు మిగుల్తాయి. ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని నీళ్ళు కలపకుండా కొట్టకండి, క్లాత్ జారక పట్టేసినట్టు అవుతుంది, మెత్తటి నల్ల పెయింట్ మీద తుడిచిన గీతలే కొత్తగా పడతాయి. నిజానికి మీది నల్ల బండి కాబట్టి కొంచెం డబ్బులెక్కువైనా కోటింగ్ కంపెనీ వాళ్ళే అమ్మే ప్రెప్ స్ప్రే కొనమంటాను, కార్‌ప్రో ఎరేజర్ లాంటివి, వాటిలో క్లాత్ జారడానికి కూడా ఏదో ఒకటి కలుపుతారు.

నీడలో, బానెట్ చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి, మీ ఊళ్ళో మే నెలైతే తెల్లవారుజామునే. సగం బానెట్‌కి మించి ఒకేసారి స్ప్రే చెయ్యొద్దు. పొట్టి నూలు ఉన్న 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) మైక్రోఫైబర్ క్లాత్ నాలుగు మడతలు పెట్టి ఒక వైపుతో తుడిచి, వెంటనే రెండో పొడి క్లాత్‌తో తుడిచెయ్యండి. మొదటి క్లాత్ వైపు మారుస్తూ ఉండాలి, అదే వైపుతో బండంతా తుడిస్తే నూనెని ఇక్కణ్ణుంచి అక్కడికి మోసినట్టే. టార్చ్ వేస్తే ఇంద్రధనస్సు రంగుల్లో మరకలా కనబడితే ఇంకా నూనె ఉన్నట్టు, మళ్ళీ తుడవండి. అయిపోయాక రాత్రంతా వదలకుండా వెంటనే కోటింగ్ మొదలుపెట్టండి, లేకపోతే మళ్ళీ దుమ్ము. ఇంకోటి, ఐపీఏ నిప్పంటుకునే సరుకు, షట్టర్ వేసిన గ్యారేజీలో వద్దు, సిగరెట్ అసలే వద్దు.

ఇక థిన్నర్. మీది సెకండ్ హ్యాండ్ అన్నారు, ఏ డోరుకి ఎప్పుడు ఏ షెడ్డులో పెయింట్ వేశారో మీకు తెలీదు. సరిగ్గా గట్టిపడని పెయింట్ థిన్నర్‌కి మెత్తబడి క్లాత్‌కి వచ్చేస్తుంది. హెడ్‌లైట్ మీద పడితే ఆ పాలికార్బొనేట్ సన్నగా పగుళ్ళిస్తుంది, మార్చాలంటే ఖర్చు మీకే తెలుసు. పెయింటర్ మళ్ళీ రంగు వేసే ముందు తుడుస్తాడు కాబట్టి ఆయన పనికి అది సరిపోతుంది, మీ పనికి కాదు.

ప్రశ్న: డోర్ నల్ల ప్లాస్టిక్ మీద, లోగో అక్షరాల చుట్టూ పాలిష్ తెల్లగా గట్టిపడిపోయింది. టైర్ పాలిష్ రాస్తే పోయింది గానీ వానకి మళ్ళీ తెల్లబడింది. - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టైర్ పాలిష్ దాన్ని కప్పిందండీ, తియ్యలేదు. ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకి పది వంతుల నీళ్ళు కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో ప్లాస్టిక్ గరుకు ఎటుందో అటే రుద్ది, ఆరకముందే తడి క్లాత్‌తో తుడవండి. ఒకసారికి పూర్తిగా రాదు, రెండు మూడుసార్లు పడుతుంది. లోగో దగ్గర మాత్రం బ్రష్ పెయింట్‌కి గట్టిగా తగలకుండా చూసుకోండి. ఈసారి పాలిషర్ పట్టే ముందే వాటికి మాస్కింగ్ టేప్ అంటించండి, పది నిమిషాల పని.

ప్రశ్న: కరోనా అప్పుడు కొన్న శానిటైజర్ డబ్బా అలాగే ఉంది, అందులోనూ ఆల్కహాలేగా, దాంతో తుడవొచ్చా? - ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: వద్దు. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలోనే 1.45 శాతం ఉంది, జెల్ అయితే చిక్కదనానికి ఇంకోటి కూడా. నూనె తియ్యబోయి గ్లిజరిన్ పూసినట్టవుతుంది, దాని మీద కోటింగ్ నిలవదు.