ఫ్యాంటసీ బాస్కెట్‌బాల్: సగటు ఒక్కటే చూస్తే చాలదు

ప్రశ్న: మాది ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్) ఫ్యాంటసీ లీగు, అంటే నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని వాళ్ల గణాంకాలతో వారం వారం పోటీపడతాం. అందులో తొమ్మిది కేటగిరీలు. యానిస్ అంటెటోకౌంపోను తీసుకున్నప్పటి నుంచి ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) శాతంలో వరసగా ఓడిపోతున్నాను. నా జట్టులో మిగతా అందరూ 80 శాతం వాళ్లే. ఒక్కడి వల్ల ఇంత తేడా వస్తుందా?
– ఓ పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: వస్తుంది. లీగు ఆటగాళ్ల శాతాలను కూడి సగటు తీయదు. వారం మొత్తంలో మీ జట్టు వేసిన ఫ్రీ త్రోల్లో ఎన్ని పడ్డాయో అదే మీ శాతం. కాబట్టి ఎవరు ఎన్ని వేశారన్నది ముఖ్యం. 2023-24లో యానిస్ మ్యాచ్‌కు 10.7 ఫ్రీ త్రోలు వేశాడు, పడ్డవి 65.7 శాతం. మిగతావాళ్లు వారంలో 100 వేసి 80 సాధించారనుకోండి. నాలుగు మ్యాచ్‌ల్లో యానిస్ వేసేవి 43, పడేవి 28. మొత్తం 143కి 108, అంటే 75.5 శాతం. అదే మ్యాచ్‌కు రెండే వేసే 60 శాతం సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) ఉంటే? ఎనిమిదికి అయిదు. జట్టు శాతం 78.7 దగ్గర నిలుస్తుంది. శాతం యానిస్ కన్నా తక్కువే, నష్టం మాత్రం చాలా తక్కువ. అందుకే శాతం పక్కనే ఉండే ప్రయత్నాల సంఖ్యను తప్పకుండా చూడండి.

అలాగని యానిస్‌ను వదులుకోకండి. అదే సీజన్‌లో 30.4 పాయింట్లు, 11.5 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం), పైగా ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా వేసే షాట్లు) 61.1 శాతం. ఫ్రీ త్రో కేటగిరీని తెలిసే వదిలేసి, మిగతా ఎనిమిదింట్లో అయిదు గెలిచి వారం నెగ్గేలా జట్టు కట్టండి. రూడీ గోబేర్ లాంటి సెంటర్లను ఫ్రీ త్రోల భయంతో ఇతరులు వెనక్కి నెడతారు, మీకు వాళ్లు చవగ్గా దొరుకుతారు. అయితే ఒక్కో కేటగిరీని విడిగా గెలుపోటముల్లో లెక్కించే లీగయితే, వదిలేసిన కేటగిరీ ప్రతి వారం ఒక ఓటమే. రెండో కేటగిరీ కూడా వదలడం అక్కడ నా దృష్టిలో పొరపాటు.

ప్రశ్న: ఒక బెంచి ఆటగాడు గత అయిదు మ్యాచ్‌ల్లో సగటున 19 పాయింట్లు చేశాడు. తీసుకోనా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు నిమిషాలు చూడండి. 18 నుంచి 32కి పెరిగాయా? పెరిగితే ఎందుకు? గాయపడ్డ స్టార్టర్ (మ్యాచ్ మొదటి నుంచీ ఆడేవాడు) స్థానంలో ఆడుతుంటే, అతను తిరిగొచ్చే వరకే ఈ జోరు. తర్వాత షాట్ల సంఖ్య. ఏడు నుంచి పద్నాలుగుకు పెరిగితే కోచ్ నమ్ముతున్నట్టే. షాట్లు పెరగకుండా త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) మాత్రమే పడుతుంటే జాగ్రత్త. అయిదు మ్యాచ్‌ల్లో 30 వేసి 17 సాధించాడనుకుందాం. ఎన్‌బీఏ సగటు దాదాపు 36 శాతం, ఆ లెక్కన పడాల్సింది 11. అదనంగా పడ్డ ఆరు అంటే 18 పాయింట్లు, మ్యాచ్‌కు 3.6. అది నిలిచే రాబడి కాదు. '36 నిమిషాలకు ఇంత' అనే లెక్కను కూడా గుడ్డిగా నమ్మకండి. త్వరత్వరగా ఫౌళ్లు చేసే సెంటర్ అన్ని నిమిషాలు ఆడనే ఆడడు.

ప్రశ్న: పాయింట్ల లీగులో (కేటగిరీలు కాకుండా, గణాంకాలన్నిటినీ ఫ్యాంటసీ పాయింట్లుగా మార్చి కూడే లీగు) ఎక్కువ స్కోరు చేసేవాళ్లనే తీసుకోవాలా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. ఫ్యాంటసీ లీగులు నడిపే యాహూలో మామూలుగా ఉండే లెక్క ఇది: పాయింటుకు 1, రీబౌండుకు 1.2, అసిస్టుకు (బుట్టలో పడే షాట్‌కు ముందు ఇచ్చిన పాస్) 1.5, స్టీల్‌కు (ప్రత్యర్థి బంతి లాక్కోవడం), బ్లాకుకు (షాట్‌ను అడ్డుకోవడం) 3 చొప్పున, టర్నోవర్‌కు (బంతి పోగొట్టుకోవడం) మైనస్ 1. 2024-25లో డైసన్ డేనియల్స్ సగటు 14.1 పాయింట్లు, 5.9 రీబౌండ్లు, 4.4 అసిస్టులు, 3 స్టీల్స్, 0.7 బ్లాకులు. టర్నోవర్లు తీసేయకముందు మ్యాచ్‌కు 38.9 ఫ్యాంటసీ పాయింట్లు. 20 పాయింట్లు, 4 రీబౌండ్లు, 3 అసిస్టులు, 0.8 స్టీల్స్, 0.3 బ్లాకుల ఆటగాడికి వచ్చేది 32.6 మాత్రమే. మీ లీగు సెట్టింగుల్లో ఈ విలువలు మారి ఉండొచ్చు, డ్రాఫ్టుకు (ఆటగాళ్లను ఎంచుకోవడానికి) ముందే చూసుకోండి. వారానికి మ్యాచ్‌లెన్నో కూడా చూడాలి: నాలుగు ఆడే, మ్యాచ్‌కు 30 ఫ్యాంటసీ పాయింట్లవాడు 120 తెస్తాడు, రెండే ఆడే 45 పాయింట్లవాడు 90 దగ్గర ఆగిపోతాడు. డిసెంబరులో ఎన్‌బీఏ కప్ (సీజన్ మధ్యలో జరిగే టోర్నీ) ఫైనల్ వచ్చినప్పుడు ఆ మ్యాచ్‌ను మీ లెక్కలో కలపకండి, దాని గణాంకాలు సీజన్ రికార్డులో చేరవు.