నాయన మీద కోపం, పాత బొమ్మల మీద దిగులు

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 51 ఏళ్లు, అకౌంటెంట్‌ని. సున్నాలకని అటక సర్దుతుంటే కాలేజీ రోజుల్లో నేను వేసిన బొమ్మల కట్ట దొరికింది. చాలావరకు బాపు, వడ్డాది పాపయ్యల బొమ్మలు చూసి వేసినవే. శెనక్కాయలు ఒలిచే మా జేజి బొమ్మ, టవర్ క్లాక్ బొమ్మ మాత్రం ఎదురుగా కూర్చుని వేశాను. జేజి చేతుల మీది నరాలు కూడా వదల్లేదు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటే, పంట పోయిందని నాయన నన్ను బీకాంలో చేర్పించాడు. ఇప్పుడు ఆయనతో మాట్లాడబుద్ధి కావడం లేదు. ఆ చదువు చదివి ఉంటే ఆర్టిస్టునయ్యేవాణ్ణా అన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదు. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుంటానంటే, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు ఎవరు కడతారని నా భార్య గొడవ పడుతోంది.

జవాబు: ఉద్యోగం మాట ముందు తేల్చేద్దాం. ఇప్పుడు మానొద్దు. బొమ్మలే డబ్బు తేవాలన్న టెన్షన్ మొదలైతే పెన్సిల్ పట్టుకోవడమే కష్టమవుతుంది. అమ్మాయి చదువు అయ్యేదాకా రిటైర్మెంట్ ఊసెత్తనని మీ భార్యకు చెప్పేయండి. ఆవిడ అడిగింది ఫీజు గురించే, బొమ్మలు మానమని అనలేదు.

నాయన విషయం అంత తేలిక కాదు. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే మన జిల్లాలో పంట పోతే ఇంట్లో ఏం మిగులుతుందో మీకు తెలుసు. కొడుక్కి నెల జీతం వచ్చే చదువే కావాలనుకున్నది ఆ భయంతోనే. అయినా మీరు పోగొట్టుకున్నది చిన్నది కాదు, కోపం రావడం సహజం. కానీ ఇన్నేళ్ల తర్వాత నిలదీస్తే ఆయన తనను సమర్థించుకుంటాడు, మీరు ఇంకా దూరమవుతారు. జేజి బొమ్మ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి. అది ఆయన తల్లి బొమ్మ. ఏమంటాడో వినండి. చదువు సంగతి ఆ రోజుకు వద్దు.

చూసి వేసిన బొమ్మల్లో మీ చెయ్యి ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని వేసిన ఆ రెండింటిలో మీ చూపు ఉంది. ఆర్టిస్టునయ్యేవాణ్ణా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. దాన్ని వదిలి, ఒక ఆదివారం పొద్దున్నే టవర్ క్లాక్ దగ్గర కూర్చోండి. గీత వంకరపోతుంది, చిరాకేస్తుంది. పాత బొమ్మతో పోల్చకండి. వీలుంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లిరండి. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు ఊరది. మేకతోలు మీద గీత గీసి, చిల్లులు కొట్టి, రంగులద్దే తోలుబొమ్మల కుటుంబాలు అక్కడున్నాయి. ఇంట్లో ఒక్కరే కట్ట ముందేసుకుని కుమిలేకంటే, పని చేసేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోవడం నయం.

పాత కాగితాలను లామినేషన్ చేయించకండి. ఫోటోలు తీసుకుని, మధ్యలో ట్రేసింగ్ పేపర్లు పెట్టి బీరువాలో పరిచి ఉంచండి.

నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం బొమ్మల దిగులేలే అని వదిలేయకండి, డాక్టరును కలవండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.