ప్రయాణం ప్రశ్నలు: రైల్లోనే సరిహద్దు దాటాలంటే

ప్ర: డిగ్రీ పూర్తయిన ముగ్గురం. వెళ్లేది కౌలాలంపూర్‌కు, తిరిగి రావడం బ్యాంకాక్ నుంచి. మధ్యలో విమానం ఎక్కకుండా చౌకగా ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జ: మలేసియా, థాయ్‌లాండ్ సరిహద్దులోని పడాంగ్ బెసార్ దగ్గర దాటండి. కౌలాలంపూర్ సెంట్రల్‌లో ఈటీఎస్ అనే మలేసియా వేగపు ఎలక్ట్రిక్ రైలెక్కితే ఆరు గంటల్లోపే అక్కడ దింపుతుంది. శని, ఆదివారాల్లో సీట్లు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. మలేసియా స్టాంపు, థాయ్ స్టాంపు రెండూ ఆ స్టేషన్లోనే వేస్తారు. వ్యాన్ ఏజెంట్లతో బేరాలాడే బెడద ఉండదు. థాయ్ కౌంటర్ వదిలే ముందు స్టాంపులో ఏ తేదీ దాకా ఉండనిచ్చారో చదువుకోండి. అక్కడి నుంచి థాయ్ నగరం హాట్ యాయ్‌కు షటిల్ రైలుంది. టికెట్ 50 బాట్లు (థాయ్ డబ్బు), గంట ప్రయాణం. మనం విశాఖ నుంచి విజయనగరం ప్యాసింజర్లో వెళ్లినట్టే. చిల్లర బాట్లు దగ్గరుంచుకోండి. హాట్ యాయ్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారాక బ్యాంకాక్. కింది బెర్తు కాస్త వెడల్పు, ధర కాస్త ఎక్కువ. ఏసీ బోగీ గజగజలాడిస్తుంది, దుప్పటి ఇచ్చినా శాలువా ఉంటే మేలు.

చాలామంది దెబ్బతినేది గడియారం దగ్గర. మలేసియా టైం థాయ్‌లాండ్ కంటే గంట ముందుంటుంది. షటిల్ నడిచేది థాయ్ టైం ప్రకారం. సరిహద్దులో ఫోన్ ఏ దేశపు టవర్‌ను పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. మీరు వెళ్లే వైపు గంట కలిసొస్తుంది కాబట్టి బతికిపోతారు. ఎదురు దిశలో వచ్చేవాళ్లే ఈటీఎస్ పోగొట్టుకుంటారు.

అసలు చిక్కు ఇక్కడి చెకిన్ కౌంటర్లోనే. మలేసియా నుంచి ఎలా బయటపడతారని అడుగుతారు. బ్యాంకాక్ నుంచి తిరుగు టికెట్, ఈటీఎస్ టికెట్ రెండూ ప్రింటు తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టు ఈసీఆర్ రకమైతే (కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సిన రకం) ఈ రెండు దేశాలూ ఆ జాబితాలోవే. టూరిస్టుకు క్లియరెన్స్ అక్కర్లేదు గానీ ప్రశ్నలు ఎక్కువే వేస్తారు. డిగ్రీ చేతిలో ఉంది కదా, తీరిక ఉంటే ముందే నాన్ ఈసీఆర్‌గా మార్పించుకోండి.

ఆ దేశంలోకి వచ్చేవాళ్లు నింపాల్సిన డిజిటల్ ఫారాలు, అంటే మలేసియాకు ఎండీఏసీ, థాయ్‌లాండ్‌కు టీడీఏసీ, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో నింపొచ్చు. రెండూ ఉచితం. డబ్బడిగిన సైటు నకిలీదే. టీడీఏసీలో విమానం కాదు, భూమార్గం ఎంచుకోవాలి. మలేసియా 30 రోజులు వీసా లేకుండా ఉండనిస్తోంది, 2026 చివరి వరకు. థాయ్ నియమాలు తరచూ మారతాయి, టికెట్ కొనే రోజే ఎంబసీ సైటు చూడండి.

ప్ర: మలేసియాలోని కోట భరు మీదుగా వెళ్లి థాయ్ సరిహద్దు ఊరు సుంగై కోలోక్ దగ్గర దాటితే ఊళ్లు బాగుంటాయంటున్నారు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జ: వద్దు. ఆ రైలు మార్గం నరాథివాట్, యాలా, పట్టానీ రాష్ట్రాల గుండా పోతుంది. 2004 నుంచి అక్కడ బాంబు దాడులు సాగుతున్నాయి. చాలా ప్రయాణ బీమాలు ఆ ప్రాంతానికి వర్తించవు.

ప్ర: బాట్లు ఇక్కడే మార్చుకోవాలా, అక్కడ ఏటీఎంలో తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జ: రెండు రోజుల ఖర్చుకు సరిపడా ఇక్కడే తీసుకోండి. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ సాధారణంగా 200 బాట్లకు పైగానే గుంజుతాయి. అందుకే తక్కువసార్లు, పెద్ద మొత్తంలో తీయండి. రూపాయల్లో లెక్క కట్టమంటారా అని తెర మీద అడిగితే వద్దనండి. ఒప్పుకుంటే మారకం రేటు వాళ్లిష్టం.