ఏ పనికి ఏ ఆఫీసు? ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల సంగతులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు టెక్సస్ రాజధాని ఆస్టిన్ చుట్టుపక్కల, అంటే ట్రావిస్, విలియమ్సన్ కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉన్న మనవాళ్లవే. ప్రశ్నలు వేరువేరుగా ఉన్నా చిక్కు మాత్రం ఒక్కటే: వెళ్లాల్సిన ఆఫీసు ఒకటైతే మరోచోట క్యూలో నిలబడటం.

ప్ర: ట్రావిస్ కౌంటీ జడ్జి అంటే మన జిల్లా జడ్జి లాంటివారా, కలెక్టర్ లాంటివారా? మా వీధి సమస్య ఆయనకు రాయవచ్చా?

జ: రెండూ కాదు. కౌంటీ పాలకమండలిని ‘కమిషనర్స్ కోర్టు’ అంటారు. పేరులో కోర్టు ఉన్నా అక్కడ కేసులు నడవవు. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిపి ఐదు ఓట్లు. బడ్జెట్టు, కౌంటీ పన్ను రేటు, రోడ్లు, జైలు ఖర్చు లాంటివి అక్కడ తేలతాయి. కౌంటీ జడ్జి లాయరే కానక్కర్లేదు.

కలెక్టరుతో పోలికే అసలు పొరపాటు. మన దగ్గర కలెక్టరేట్లో అర్జీ ఇస్తే అది సంబంధిత శాఖకు వెళ్తుంది, కింది అధికారి జవాబు చెప్పాలి. ఇక్కడ ట్యాక్స్ అసెసర్-కలెక్టర్, కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్, షెరీఫ్, అందరూ విడివిడిగా ఓట్లతో గెలిచి వచ్చినవారే. కమిషనర్స్ కోర్టు వాళ్లకు డబ్బు మంజూరు చేయగలదు గానీ పని పురమాయించలేదు. చివరికి కానిస్టేబుల్ కూడా ఎన్నికైన అధికారే. మన కానిస్టేబుల్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడితే ఇబ్బంది పడతారు.

వీధి విషయానికొస్తే, మీ ఇల్లు ఆస్టిన్ నగర హద్దులో ఉంటే నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి. ఏ ఊరి హద్దులోనూ లేని చోట ఉంటే గుంతలు పూడ్చేది కౌంటీ రోడ్ల విభాగం. చిరునామాలో ‘ఆస్టిన్’ అని ఉన్నంత మాత్రాన నగరంలో ఉన్నట్టు కాదు, అది పోస్టాఫీసు పెట్టిన పేరు. కమిషనర్స్ కోర్టు సాధారణంగా మంగళవారాల్లో లవాకా వీధిలోని 700 నంబరు భవనంలో కూర్చుంటుంది. పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా మాట్లాడవచ్చు.

ప్ర: మేనర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. నిరుడు ఆస్తి పన్ను 2,100 డాలర్లు వచ్చింది, ఈ ఏడు 8,900. బ్యాంకు నెల వాయిదా కూడా ఒక్కసారిగా పెంచేసింది. కౌంటీ తప్పు లెక్క వేసిందా?

జ: లెక్క సరైనదే అయి ఉండవచ్చు. టెక్సస్‌లో ఆస్తి విలువ కట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. నిరుడు ఆ రోజుకి మీ స్థలంలో పునాది పలక మాత్రమే ఉంటే ఆ ఏడాది పన్ను స్థలానికీ పలకకీ మాత్రమే పడుతుంది. ఈ జనవరి 1కి ఇల్లు పూర్తయింది కాబట్టి పూర్తి విలువ మీద వేశారు. కొత్త కాలనీల్లో ఏటా జరిగే తంతే ఇది. ఇల్లు అమ్మేవాళ్లు దీన్ని గట్టిగా చెప్పరు.

బ్యాంకు దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. పన్నుల కోసం మీ నుంచి నెలనెలా తీసి పెట్టే ఎస్క్రో ఖాతాలో పడ్డ లోటును రాబట్టుకుంటుంది, వచ్చే ఏడాదికి పెద్ద మొత్తాన్ని కూడా ఇప్పటినుంచే పోగేస్తుంది. లోటు భాగం ఒకేసారి కట్టేస్తే వాయిదా కొంత దిగుతుంది. అడిగి చూడండి.

ఇప్పుడు చేయాల్సింది హోమ్‌స్టెడ్ మినహాయింపుకి దరఖాస్తు, అంటే సొంతంగా కాపురం ఉండే ఇంటికి పన్నులో తగ్గింపు. ఇది ట్యాక్స్ ఆఫీసులో కాదు, ట్రావిస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో పెట్టుకోవాలి. విలువ కట్టేది అది, డబ్బు వసూలు చేసేది ట్యాక్స్ ఆఫీసు. రెండూ వేరు. మీరు కాపురం ఉంటున్న ఇల్లే అయి ఉండాలి, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామాయే ఉండాలి. ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఈ పాత చిరునామా దగ్గరే. పౌరసత్వం అడగరు, హెచ్-1బి మీద ఉన్నా వస్తుంది. రుసుము లేదు. ‘మినహాయింపు మేం పెట్టిస్తాం, ఇంత పంపండి’ అని సర్కారు కాగితంలా కనిపించే ఉత్తరాలు వస్తాయి, చించి పారేయండి. 2025 నవంబరు ఓటింగు తర్వాత స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. ఆలస్యమైనా వెనక రెండేళ్ల దాకా పెట్టుకునే వీలుంది.

మరుసటి ఏడాది నుంచి ఇంకో రక్షణ మొదలవుతుంది. పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. కానీ ఏప్రిల్లో వచ్చే నోటీసు మీద రెండు అంకెలు ఉంటాయి, అక్కడే చాలామంది తికమక పడతారు. మార్కెట్ విలువ 6,00,000, పరిమితి వల్ల పన్ను వేసే విలువ 4,80,000 అనుకోండి. మీరు పోరాడి మార్కెట్ విలువను 5,60,000కి దించినా ఈ ఏడాది ఒక్క డాలరూ మిగలదు. 4,80,000 కంటే కిందికి లాగగలిగితేనే లాభం.

అయినా అప్పీలు పెట్టాలనుకుంటే గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఫారంలో ‘మార్కెట్ విలువ ఎక్కువ’, ‘ఇతర ఇళ్లతో పోలిస్తే అసమానం’ అనే రెండు గళ్లూ టిక్ చేయండి. ఒకటే పెడితే రెండో వాదన పోతుంది. టెక్సస్‌లో ఇళ్ల అమ్మకం ధరలు బహిరంగ రికార్డులో ఉండవు కాబట్టి చుట్టుపక్కల ధరలు రియల్టరు దగ్గర తెచ్చుకోవాలి. పునాది పగుళ్లకు మరమ్మతు అంచనా, ఫోటోలు బలంగా పనిచేస్తాయి. వాళ్ల విలువ కంటే ఎక్కువకు మీరు కొన్నట్టయితే కొనుగోలు పత్రం వెంట తీసుకెళ్లకండి.

బిల్లు కట్టాల్సింది జనవరి 31 లోపు. ఫిబ్రవరిలో 7 శాతం అదనం, ఆపై నెలకు 2 చొప్పున జూన్‌కి 15. జులైలో 18కి చేరి, పైన వసూలు లాయరు రుసుము 20 శాతం దాకా పడవచ్చు. బ్యాంకు మీ అప్పును ఇంకో బ్యాంకుకు అమ్మేసిన ఏడాది బిల్లు మధ్యలో జారిపోతుంది. బాధ్యత మాత్రం యజమానిదే, ‘బిల్లు అందలేదు’ అంటే చెల్లదు.

అన్నట్టు, తిట్టేముందు బిల్లు వివరాలు చదవండి. అందులో కౌంటీ వాటా ఒక భాగమే. పెద్ద ముక్క స్కూలు డిస్ట్రిక్టుది. కొత్త కాలనీల్లో నీళ్లు, మురుగు కాలవల అప్పు తీర్చే ‘మడ్’ పన్ను ఇంకోటి. రాజధాని కావడం వల్ల ప్రభుత్వ భవనాలు, యూనివర్సిటీ భూములు నగరం నడిబొడ్డున పన్ను లేకుండా ఉన్నాయి. ఆ భారం ఎంతో కొంత మిగతా ఇళ్ల మీదే పడుతుందని నా అభిప్రాయం.

ప్ర: శనివారం ఉదయం 10:14కి మా అమ్మాయి ముహూర్తం. మ్యారేజ్ లైసెన్సు బుధవారం తీసుకుంటే చాలా?

జ: గడియారం చూసుకోవాలి. లైసెన్సు ఇచ్చాక 72 గంటలు ఆగాలన్నది టెక్సస్ చట్టం. బుధవారం 11 గంటలకు చేతికొస్తే శనివారం 11 దాకా పెళ్లి జరపకూడదు. మీ ముహూర్తం దాటిపోతుంది! సోమవారమే వెళ్లండి. మరీ ముందు తీసుకున్నా చిక్కే, 90 రోజులకు చెల్లకుండా పోతుంది.

ఇది కౌంటీ క్లర్క్ పని. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. పాస్‌పోర్టు గుర్తింపుగా సరిపోతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఇస్తారు. లైసెన్సు ఏ కౌంటీలో తీసుకున్నా టెక్సస్‌లో ఎక్కడైనా పెళ్లి చేసుకోవచ్చు. పురోహితుడు గారికి గుడి నుంచి పెళ్లి జరిపించే అధికారం ఉండాలి.

తలంబ్రాల హడావుడిలో మరిచిపోయేది చివరి మెట్టు. పురోహితుడు తేదీ, పెళ్లి జరిగిన కౌంటీ రాసి సంతకం చేసి, 30 రోజుల్లోగా ఆ కాగితాన్ని ఇచ్చిన క్లర్క్‌కే తిప్పి పంపాలి. ట్రావిస్‌లో తీసుకుని విలియమ్సన్‌లో పెళ్లి చేసినా పంపాల్సింది ట్రావిస్‌కే. మండపంలోనే సంతకం చేయించి, కవరు మీరే పోస్టు చేస్తే నిశ్చింత. ఇండియాలో వాడటానికి అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) కావాలంటే కౌంటీ క్లర్క్ ఇచ్చే సర్టిఫైడ్ కాపీని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు ఇవ్వాలి, ఒక్కోదానికి 15 డాలర్లు. జిరాక్సు మీద నోటరీ ముద్ర వేయించి పంపితే పని జరగదు.

ప్ర: నేను హెచ్-1బి మీద ఉన్నాను. జ్యూరీ డ్యూటీకి రమ్మని నోటీసు వచ్చింది. పక్కన పడేయవచ్చా?

జ: వద్దు. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందం. పేర్లు ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా తీస్తారు, అందుకే మీకు వచ్చింది. పౌరుణ్ని కాదన్న గడి గుర్తుపెట్టి జవాబు పంపండి, అంతే. పొరపాటున కూడా పౌరుణ్నని రాయకండి, ఇమిగ్రేషన్‌లో అది మాయని మచ్చ.

ప్ర: వేరే రాష్ట్రం నుంచి వచ్చాం. లైసెన్సు మార్చుకోవడానికి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్తే తిప్పి పంపారు.

జ: డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్ర ప్రజా భద్రతా విభాగం (డీపీఎస్) పని, 90 రోజుల గడువు. కారు రిజిస్ట్రేషన్, టైటిల్ (యాజమాన్య పత్రం) మాత్రం ట్యాక్స్ ఆఫీసులోనే, 30 రోజుల్లో. 2025 నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు గానీ ట్రావిస్, విలియమ్సన్ కౌంటీల్లో పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఇంకా ఉంది.

ప్ర: రౌండ్ రాక్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి రెండు నెలలైంది. 2,400 డాలర్ల డిపాజిట్ ఓనరు ఇవ్వడం లేదు. లాయరు ఫీజే అంతకంటే ఎక్కువ అవుతుందేమో!

జ: లాయరు అక్కర్లేదు. 20,000 డాలర్ల దాకా వివాదాలు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో మీరే వేసుకోవచ్చు. ముందు ఒకటి చూడండి: మీ కొత్త చిరునామా ఓనరుకు రాతపూర్వకంగా ఇచ్చారా? ఇవ్వకపోతే డబ్బు పంపాల్సిన బాధ్యత ఇంకా మొదలే కాలేదు. ఈరోజే సర్టిఫైడ్ మెయిల్లో పంపండి. ఇచ్చి ఉంటే ఖాళీ చేసిన 30 రోజుల్లో డబ్బు గానీ, కోతల పట్టీ గానీ రావాలి. దురుద్దేశంతో ఆపినట్టు తేలితే 100 డాలర్లు, ఆపిన సొమ్ముకు మూడింతలు వస్తాయి.

కేసు విలియమ్సన్ కౌంటీలో, ఆ ఇల్లున్న ప్రిసింక్టులో (కౌంటీలో ఆ కోర్టు పరిధి) వేయవచ్చు. ఎక్కువ కేసులు వీగిపోయేది పేరు దగ్గర. మీరు మాట్లాడిన మనిషి పేరు మీద వేస్తే, ఇల్లు ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరు మీద ఉందని చివర్లో బయటపడుతుంది. అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డులో యజమాని పేరు, మీ లీజు కాగితం మీది పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. సమను కానిస్టేబుల్ ఇస్తాడు. అందిన 14 రోజుల్లో జవాబు రాకపోతే మీకు అనుకూలంగా తీర్పు అడగవచ్చు. కోర్టు తీర్పు ఇస్తుంది గానీ డబ్బు వసూలు చేసి చేతిలో పెట్టదు. అప్పటికీ ఇవ్వకపోతే తీర్పు సారాంశాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించండి. ఆ కౌంటీలో అతనికున్న అద్దె ఇంటి మీద అది తాకట్టులా కూర్చుంటుంది, ఇల్లు అమ్మాలన్నా మీ బాకీ అడ్డొస్తుంది.