చెరువులో పెట్టుబడి కోసం హెల్త్ పాలసీ ఆపేస్తారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండెకరాల వరి, మూడెకరాల లీజు చెరువు. నాకు 43 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు, భార్యకు, ఇద్దరు పిల్లలకు కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకుని రెండేళ్లవుతోంది. ఒక్కసారి కూడా వాడలేదు. వచ్చే నెల రెన్యువల్‌కి 24 వేలు కట్టాలి. రైస్ కార్డు ఉంది కాబట్టి ఎన్టీఆర్ వైద్యసేవలో 25 లక్షల దాకా వస్తుందంటున్నారు. పాలసీ ఆపేసి ఆ డబ్బు చెరువులో వెనామీ రొయ్య సీడుకు, మేతకు వాడుకోవచ్చా? ఆసుపత్రి అవసరం వస్తే బయట మూడు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. నాన్నకు 72, అమ్మకు 66. వాళ్లిద్దరూ పాలసీలో లేరు.

జవాబు: వద్దండీ. ముందు ఆ 24 వేలు కట్టేయండి. సీడు కొంచెం తగ్గించి వేసుకున్నా ఫర్వాలేదు. లీజు, సీడు, మేత ఖర్చులు ఒకేసారి మీద పడినప్పుడు చాలామంది మొట్టమొదట ఆపేది హెల్త్ పాలసీనే. అందుకే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబిస్తున్నాను.

రెండేళ్లు వాడలేదంటున్నారు గానీ, ఆ రెండేళ్లు వృథా పోలేదు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు కంపెనీ గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. 2024 దాకా ఇది నాలుగేళ్లు ఉండేది. పాలసీ బాండు తీసి మీకు ఎన్ని నెలలని రాశారో చూడండి. మూడేళ్లని ఉంటే, ఇంకొక్క ఏడాది దాటితే షుగర్ వల్ల వచ్చే కిడ్నీ ఇబ్బందికీ, కాలి పుండుకీ కూడా క్లెయిమ్ అడగొచ్చు. ఇప్పుడు ఆపేసి రెండేళ్ల తర్వాత మళ్లీ తీసుకుంటే లెక్క మొదటికొస్తుంది. ఈలోగా షుగర్ ముదిరితే పాలసీ ఇవ్వడానికే ఒప్పుకోకపోవచ్చు.

అసలు ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి రాశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఏజెంటు తొందరలో ‘లేదు’ అని టిక్కు పెట్టేసి ఉంటే, రేపు క్లెయిమ్ దగ్గర ఆ టిక్కే అడ్డం పడుతుంది. బాండుతో పాటు ఇచ్చిన ఫారం కాపీ తీసి, ఆ గడి మీ కళ్లతో చూడండి. తప్పుంటే రెన్యువల్‌కి ముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ప్రీమియం కాస్త పెరిగినా సరే.

వైద్యసేవ మంచి పథకం, కార్డు జాగ్రత్తగా పెట్టుకోండి. కాకపోతే 25 లక్షలన్నది పరిమితి మాత్రమే. జాబితాలో ఉన్న చికిత్సకు, నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే భీమవరంలోనో రాజమండ్రిలోనో ఏది దగ్గరైతే అక్కడికి పరుగెడతారు. అది నెట్‌వర్క్‌లో లేకపోతే అడ్మిషన్ కౌంటర్‌లో డిపాజిట్ కట్టమంటారు. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులే సేవలు ఆపేసిన సందర్భాలు 2025లోనూ చూశాం. అందుకే రెండూ ఉండాలి. మీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు కార్డు చెల్లుతుందో 104కి ఫోన్ చేసి ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక బయట వడ్డీ. దయచేసి ఆ ఆలోచనే పెట్టుకోకండి. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆసుపత్రికి 4 లక్షలు తెస్తే వడ్డీయే నెలకు 12 వేలు, ఏడాదికి 1,44,000. అంటే మీ ఆరేళ్ల ప్రీమియం ఒక్క ఏడాది వడ్డీకి పోతుంది, అసలు అలాగే ఉంటుంది. రొయ్యల పట్టుబడి రాగానే తీర్చేస్తాననుకుంటారు. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వస్తే? 2025లో అమెరికా సుంకాల దెబ్బకు రొయ్య ధర ఎలా పడిందో మీరే చూశారు. మంచాన పడ్డ మనిషి రాత్రి ఏరేటర్ల దగ్గర కాపలా కూడా ఉండలేడు. అప్పు పెరిగేదీ, రాబడి ఆగేదీ ఒకేసారి. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే బ్యాంకులో బంగారం పెట్టండి, అంతే.

24 వేలు ఒక్కసారి కట్టడం కష్టమైతే నెలవారీగా గానీ మూడు నెలలకోసారి గానీ కట్టే వీలుందేమో కంపెనీని అడగండి. గడువు మాత్రం దాటనివ్వకండి. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉన్నా, ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే కవరేజీ ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీలపై జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి నోటీసులో జీఎస్టీ కలిపారేమో కూడా చూసుకోండి.

మీ నాన్నగారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఇచ్చేలా కేంద్రం 2024 అక్టోబర్ 29న దీన్ని మొదలుపెట్టింది. ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో నమోదవుతుంది.

అమ్మగారికి ఆ కార్డు రావడానికి ఇంకా నాలుగేళ్లుంది, ప్రస్తుతానికి వైద్యసేవ ఒక్కటే దిక్కు. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పాత మాట ఇప్పుడు లేదు. 2024లో ఆ వయోపరిమితి తీసేశారు. ఈ పట్టుబడి డబ్బు చేతికి రాగానే ఆమె పేరున విడిగా ఓ సీనియర్ పాలసీ చూడండి. క్లెయిమ్‌లో మన వాటా ఎంత శాతమో, రూమ్ అద్దెకు పరిమితి ఉందో లేదో సంతకానికి ముందే అడగండి. ఆమెకు బీపీ, షుగర్ ఏమున్నా ఫారంలో మీరే రాయండి, ఏజెంటుకు వదిలేయకండి.